అన్నం మార్చాలా, అన్నం తగ్గించాలా? విశాఖ వంటింట్లో తీపి, పిండిపదార్థాల లెక్క

పోయిన వేసవిలో మా ఆయనకు రెండు, మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే హద్దు మీద ఉన్నట్టు, 6.5కి చేరితే షుగర్ జబ్బు కిందే లెక్క. అంటే పరిస్థితి ఇంకా చేయి దాటలేదు. పరీక్ష చేయించిన చోట ఒక డైట్ చార్టు చేతిలో పెట్టారు. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, బ్రకోలీ, ఆలివ్ ఆయిల్ అని ఉంది. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఆనపకాయలు, దొండకాయలు, తోటకూర కట్టలు కొనుక్కునే మాకు ఆ కాగితం ఒక్క పూటకీ పనికిరాలేదు. దాంతో ఈ ఏడాదంతా మా వంటింట్లోనే ఒక్కొక్కటీ తూచి, తిన్నాక షుగర్ మీటరుతో చూసి, ఏది మారిస్తే తేడా వస్తుందో, ఏది మార్చినా ఒకటేనో తెలుసుకుంటూ వచ్చాం. మీ ఇంట్లోనూ ఇదే టెన్షన్ ఉంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు తాగే వాటి సంగతి చూడాలి. అన్నిటికన్నా తేలిగ్గా తగ్గేది అక్కడే. మా ఆయనది గాజువాక వైపు షిఫ్టు డ్యూటీ. ఇంట్లో రెండు టీలు, డ్యూటీలో రెండు. ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచా 4 నుంచి 5 గ్రాములు వేసుకున్నా రోజుకు 30 గ్రాములు దాటుతోంది. రోజు మొత్తం మీద పైనుంచి కలుపుకునే చక్కెర 25 గ్రాములు మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ దాదాపు అంతే. అంటే పండగ, పబ్బం, స్వీటు ముక్క ఏవీ లేకుండానే, ఒక్క టీతోనే ఆ హద్దు దాటిపోతోంది. ఇక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒక్కదాంట్లోనే 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. దాంతో పోల్చి చూసి ఎంచుకోవలసిన అవసరమే లేదు, మానేయడమే. ఎండన పడి తిరిగి వచ్చినప్పుడు కొబ్బరి బోండం తాగొచ్చు. అందులోనూ తీపి ఉంటుంది గానీ ఒక బోండంలో 10 గ్రాముల లోపే ఉంటుంది. మజ్జిగైతే ఇంకా మేలు.

టీ విషయంలో మా ముందు నాలుగు దారులున్నాయి. ఒక్కసారిగా మానేయడం, మెల్లగా తగ్గించడం, బెల్లం టీకి మారడం, చక్కెరకు బదులు కృత్రిమ తీపి బిళ్ళలు వేసుకోవడం. ఒక్కసారిగా మానేస్తే నాలుగో రోజుకే విసుగొచ్చి మళ్ళీ రెండు చెంచాలకు వచ్చేశారు. పదిహేను రోజులకు అర చెంచా చొప్పున తగ్గిస్తే మాత్రం నెలన్నరలో అర చెంచాకు దిగారు. ఇప్పుడు బయట ఎవరైనా మామూలు టీ ఇస్తే పాకంలా ఉందంటున్నారు. నాలుక మారడానికి ఆ మాత్రం టైం ఇవ్వాలి. తీపి బిళ్ళల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక సూచన చేసింది: బరువు తగ్గడానికని వాటిని నమ్ముకోవద్దని. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు ఆ సూచన వర్తించదు. కాబట్టి అలాంటివాళ్ళు డాక్టరుని అడిగి మితంగా వాడుకోవచ్చు. హద్దు మీద ఉన్నవాళ్ళకు మాత్రం నాలుకకు తీపి తగ్గించి అలవాటు చేయడమే మేలని నా అభిప్రాయం.

బెల్లం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అనకాపల్లి మన పక్కనే ఉంది కదా, బెల్లమంటే మనవాళ్ళకు తీపి వస్తువు కాదు, మందు లాంటిది. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. గుమ్మడికాయ పులుసులో బెల్లం, దప్పళంలో బెల్లం, పప్పుచారులో బెల్లం, ఆఖరికి అల్లం పచ్చడిలోనూ బెల్లమే. "పంచదార మానేశాం కదమ్మా, బెల్లానికేం, ఒంట్లో రక్తం పడుతుంది" అనేవారు. ఒక రోజు ఆవిడ పులుసులో వేయబోతున్న ముక్కని తీసి తూచాను. నిమ్మకాయంత ముక్క, 32 గ్రాములు. బెల్లంలో నూటికి 85 పాళ్ళ దాకా చక్కెరే. మిగతాది తేమ, కొద్దిగా ఖనిజాలు. అందులోని ఇనుము కోసం బెల్లం తినాలంటే అంతకు ఎన్నో రెట్లు చక్కెర లోపలికి పోతుంది. ఆ ఇనుమేదో తోటకూర నుంచి, ఉలవల నుంచి తెచ్చుకోవచ్చు. తేనె కూడా అంతే, నూటికి 80 పాళ్ళు తీపే. "అత్తయ్యా, రుచి మీరు చెప్పినట్టే ఉండాలి, ముక్క మాత్రం ఉసిరికాయంత చేద్దాం" అన్నాను. ఆవిడ ఒప్పుకున్నారు. చింతపండు కూడా ఆ మేరకు తగ్గిస్తే పులుపూ తీపీ సరిపోతాయని ఆ చిట్కా చెప్పింది కూడా ఆవిడే. అది నిజం. పులుపు ఎక్కువైతేనే బెల్లం ఎక్కువ అడుగుతుంది.

ఇక అన్నం. మన ఇళ్ళల్లో అసలు లెక్కంతా ఇక్కడే ఉంది, అందుకే దీని మీదే ఎక్కువ రోజులు పెట్టాం.

మొదటి రోజు నేనేమీ చెప్పకుండా, మా ఆయన ఎప్పటిలా వడ్డించుకున్న ప్రతిసారీ కంచాన్ని కిచెన్ స్కేలు మీద పెట్టాను. పప్పులోకి రెండు హస్తాలు, కూరలోకి ఒకటి, చారులోకి ఒకటి, పెరుగులోకి ఒకటి. ఖాళీ కంచం బరువు తీసేసి కలిపితే ఒట్టి అన్నమే 410 గ్రాములు తేలింది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క మధ్యాహ్నం అన్నంలోనే సుమారు 115 గ్రాములు. అదే కంచంలో కూర 70 గ్రాములు, పప్పు ఓ గరిటె. పెద్ద ఆకలి మనిషేం కాదు ఆయన. మన కంచాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అన్నం నడిబొడ్డున, మిగతావన్నీ నంజుకోవడానికి.

ఇప్పుడు ఎంపికలు. అందరూ చెప్పే మొదటి మాట, రాత్రి అన్నం మానేసి చపాతీ తినమని. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి పడుతుందనుకుంటే, అందులో 20 గ్రాముల దాకా పిండిపదార్థం. మూడు చపాతీలంటే 60 గ్రాములు. అది 200 గ్రాముల అన్నానికి సమానం. గోధుమ పిండిలో పీచు ఎక్కువ ఉంటుంది, మాంసకృత్తులు కొంచెం ఎక్కువ, ఆ మేరకు లాభమే. అయితే అసలు ఉపయోగం వేరే చోట ఉంది. చపాతీ లెక్కకు దొరుకుతుంది, మూడు అంటే మూడే. అన్నం హస్తానికి లెక్క ఉండదు. కాబట్టి చేత్తో లెక్కపెట్టుకుంటే తప్ప ఆగలేనివాళ్ళకు చపాతీ మంచి ఎంపిక. నాలుగైదు చపాతీలు బంగాళదుంప కూరతో లాగించేవాళ్ళకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రెండోది దంపుడు బియ్యం. పిండిపదార్థం తెల్ల బియ్యంతో దాదాపు సమానమే. తవుడు పొర ఉంటుంది కాబట్టి పీచు, బి విటమిన్లు ఎక్కువ, కొంచెం నెమ్మదిగా అరుగుతుంది. నమిలి తినాలి కాబట్టి తక్కువ తింటారు. పెద్దవాళ్ళకు పళ్ళ ఇబ్బంది ఉంటే ఇది కష్టం. మా అత్తగారు రెండో రోజే వద్దన్నారు. మూడోది తెలంగాణ సోనా అని అమ్మే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం. మనం ఇళ్ళల్లో వండే సన్న బియ్యాల గ్లైసీమిక్ ఇండెక్స్ 70 చుట్టుపక్కల ఉంటే, ఈ రకానిది 51, 52 దగ్గర ఉందని పరీక్షల్లో తేలింది. రక్తంలోకి గ్లూకోజు కాస్త నెమ్మదిగా చేరుతుందని దానర్థం, తక్కువ చేరుతుందని కాదు. రుచి మన సోనా మసూరిలాగే ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఒకే అన్నం తినొచ్చు. ఇద్దరికి ఒక వంట, ఇద్దరికి ఒక వంట చేయలేని ఇళ్ళకు నేను చెప్పేది ఇదే. అయితే దీన్ని కూడా 400 గ్రాములు తింటే ప్రయోజనం ఉండదు.

నాలుగోది చిరుధాన్యాలు. చిరుధాన్యాలు తినమని ఖాదర్ వలి గారు చెప్పిన దగ్గర్నుంచి కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు విశాఖలో ప్రతి సూపర్‌మార్కెట్లోనూ కనిపిస్తున్నాయి. మన ఉత్తరాంధ్రకు చోళ్ళు (రాగులు), సామలు కొత్తవేం కాదు, చోడంబలి తాగి పొలానికి వెళ్ళిన తరాలు మనవి. పీచు, ఖనిజాల దృష్ట్యా ఇవి బియ్యం కంటే నిస్సందేహంగా మెరుగు. చోళ్ళలో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల చుట్టూ కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ ఊసే ఉండదు. కానీ పిండిపదార్థం చూస్తే బియ్యంలో 100 గ్రాములకు 78 ఉంటే, చిరుధాన్యాల్లో రకాన్ని బట్టి 60 నుంచి 70 దాకా ఉంటుంది. తేడా ఉంది గానీ కొర్రన్నం కడుపునిండా తినొచ్చనేంత తేడా కాదు. పైగా రాగి పిండిని పల్చగా జావ కాచి తాగితే అది అరిగిపోయే వేగం చాలా ఎక్కువ. అదే పిండిని ముద్దగా వండి, గోంగూర పప్పుతోనో చేపల పులుసుతోనో తింటే నెమ్మదిగా అరుగుతుంది. షుగర్ తగ్గుతుందని పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి జావలో బెల్లం కలుపుకుని తాగేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మంచి ఉద్దేశంతో చేస్తున్న పని ఎదురు తిరుగుతోంది.

అందుకే నాకు బాగా నచ్చింది ఐదో దారి: అదే బియ్యం, సగం అన్నం. భారత వైద్య పరిశోధన మండలి వారి ఇండియాబ్ సర్వే వివరాలు 2025లో వెలువడ్డాయి. మన దేశంలో సగటున తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అందులో తేలింది. అంతకన్నా నన్ను ఆలోచింపజేసింది ఇంకో విషయం. తెల్లన్నం తీసేసి దాని స్థానంలో గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో పెట్టి, మొత్తం తగ్గించకపోతే షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండిపదార్థంలో కొంత తగ్గించి ఆ మేరకు పప్పులు, పాలు, గుడ్లు, చేపలు లాంటివి పెంచిన చోట ముప్పు తక్కువగా కనిపించింది. మా వంటింటి లెక్కకూ అదే సరిపోయింది. మా ఆయన కంచంలో అన్నం 410 నుంచి మూడు వారాల్లో 200 గ్రాములకు తెచ్చాం. కూర మాత్రం 70 నుంచి 200 గ్రాములకు పెంచాం. పప్పు ముద్దపప్పులా చిక్కగా, ఒక గరిటె కాదు, రెండు.

ఖాళీ అయిన చోట ఏం పెడతామన్నదే అన్నిటికన్నా ముఖ్యం. అది ఆలోచించకుండా అన్నం తగ్గిస్తే సాయంత్రం ఐదు గంటలకు బిస్కెట్ల డబ్బా ఖాళీ అవుతుంది. మారీ బిస్కెట్ అంటే తేలిక తిండి అనుకుంటాం గానీ అందులో ముప్పావు వంతుకు పైగా మైదా, చక్కెరే. ఈ విషయంలో విశాఖలో ఉండడం మన అదృష్టం. వారానికి మూడు రోజులు మా వీధిలోకి చేపలావిడ గంపతో వస్తుంది. "కవళ్ళు తీసుకోమ్మా, పొద్దున్న హార్బర్లో దిగినవి" అని గంప దించి, పైనున్న తడి గోనెపట్టా తీస్తుంది. కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా ఉన్నవి ఏరుకుంటే అక్కడే కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీసి ఇస్తుంది. వంజరం, చందువలే కొనాలని లేదు. కవళ్ళు, కానాగంతలు చవక, ఒంటికి మేలు చేసే కొవ్వు వీటిలోనే ఎక్కువ. 100 గ్రాముల చేపలో 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, పిండిపదార్థం లేనట్టే. కార్న్‌ఫ్లోర్ పట్టించి వేయిస్తే మాత్రం లెక్క మారిపోతుంది, కాబట్టి పులుసు గానీ, పెనం మీద కొద్ది నూనెతో గానీ చేసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ మేము గుడ్లు, చెరువు చేపల మీద ఉన్నాం. ఎండు నెత్తళ్ళు వాడుకోవచ్చు, బీపీ ఉంటే ఉప్పు చూసుకోవాలి.

శాకాహారులకు ఇదే పని పప్పు, ఉలవలు, శనగలు, పెసలు, చిక్కటి పెరుగు, పనీర్, మీల్‌మేకర్ చేస్తాయి. ఒక్కటి గమనించాలి. కంద, చేమ, చిలగడదుంప, బంగాళదుంప కూరలు చేసిన రోజు అన్నం ఇంకొంచెం తగ్గాలి, ఎందుకంటే కూర కూడా పిండిపదార్థమే. బీర, ఆనప, దొండ, వంకాయ, చిక్కుడు, ఆకుకూరలు ఎంత తిన్నా ఫరవాలేదు.

తినే వరుస కూడా పనిచేస్తుంది. కూర, పప్పు, చేప సగం దాకా ముందు తిని అన్నం తర్వాత కలుపుకుంటే, తిన్నాక గ్లూకోజు పెరిగే తీరు మెత్తబడుతుంది. తినగానే పడుకోకుండా పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా బాగుంటుంది. ఇందులో ఖర్చు లేదు, వంట మార్చక్కర్లేదు. అన్నం తగ్గించలేని పెద్దవాళ్ళున్న ఇంట్లో ముందు ఈ రెండూ మొదలుపెట్టమంటాను.

టిఫిన్ల దగ్గర నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. ఉప్మా, పూరీ, మైసూర్ బోండా అన్నిటికన్నా చివర. రవ్వ, గోధుమ పిండి, మైదా తప్ప వాటిలో చెప్పుకోదగ్గది లేదు. ఇడ్లీ నూనె లేనిదే గానీ ఒక పాలు మినప్పప్పుకి రెండు, మూడు పాళ్ళు రవ్వ. ఒక్కోటి 10 గ్రాముల పిండిపదార్థం అనుకుంటే నాలుగు ఇడ్లీలు 40. రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు అయితే సరిపోతుంది. పెసరట్టు అన్నిట్లోకీ మంచిది. ఒక అట్టుకి 30 గ్రాముల పెసలు పడితే 15 గ్రాముల దాకా పిండిపదార్థం, 7 గ్రాముల మాంసకృత్తులు, పీచు కూడా. బియ్యం కలపకుండా రుబ్బాలి, లోపల ఉప్మా పెట్టకూడదు. మన దగ్గర చేసే ఆవిరి కుడుము అందరూ మర్చిపోతున్న మంచి టిఫిన్. ఒట్టి మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, గిన్నె మీద గుడ్డ కట్టి ఆవిరికి ఉడికిస్తే చాలు, రవ్వ పడదు, నూనె పడదు. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. పక్కన వేరుశనగ చట్నీ పెట్టుకోండి, బెల్లం వేసిన అల్లం పచ్చడి ఓ చెంచాతో ఆపండి.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే మూరీ మిక్చర్ కంటే ఉడికించిన వేరుశనగకాయలు నయం, కాల్చిన మొక్కజొన్న పొత్తు మధ్యస్తం. పళ్ళల్లో జామ మొదట. సీతాఫలం, సువర్ణరేఖ మామిడి సీజన్లో పూర్తిగా మానేయమని నేను చెప్పలేను. అన్నం తిన్న వెంటనే కాకుండా సాయంత్రం వేళ సగం పండు తినండి, రసం తీయకుండా.

ఇంకా పెద్ద మార్పు కావాలనుకునేవాళ్ళు ఉంటారు. 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని గారి పద్ధతి మన ఊళ్ళన్నిటినీ ఊపేసింది. అన్నం, చపాతీ, పళ్ళు అన్నీ ఆపి, కొబ్బరి నూనె, నిమ్మరసం మీద శరీరాన్ని కొవ్వుతో నడిపించడం. పిండిపదార్థం అంతగా తగ్గిస్తే బరువు, షుగర్ త్వరగా తగ్గడం నిజమే. మా బంధువుల్లో ఒకాయన మూడు నెలల్లో 11 కిలోలు తగ్గారు. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చేసరికి మానేసి, ఏడాదిలో అంతా తిరిగి పెరిగారు. నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. ఆరు నెలలు గట్టిగా నిలబడగలిగి, డాక్టరు చూస్తూ ఉంటే అది ఒక దారి. ఇంట్లో అందరితో కలిసి కూర్చుని తినాలి, పదేళ్ళు సాగాలి అనుకుంటే సగం అన్నం దారి.

మందులు వాడుతున్నవాళ్ళు ఈ విషయం తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వేసుకుంటూ ఉన్నట్టుండి అన్నం తగ్గిస్తే షుగర్ బాగా పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి, ప్రాణం మీదికీ రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు పిండిపదార్థం పూర్తిగా ఆపితే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుకి చెప్పి మోతాదు మార్చుకున్నాకే కంచం మార్చండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు పప్పు, చేపలు పెంచే ముందు, గర్భిణులు ఏ మార్పు చేసే ముందైనా అడగాలి.

మీ ఒంటికి ఏది పడుతుందో తెలుసుకోవాలంటే మీటరు కన్నా నమ్మకమైనది లేదు. ఒక రోజు మూడు చపాతీలు, ఇంకో రోజు 200 గ్రాముల అన్నం, రెండు రోజులూ అదే కూర, అదే పప్పు, అదే కొలత. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూడండి. మా ఆయనకు ఆ రెండు రోజుల తేడా 6 పాయింట్లే. 400 గ్రాముల అన్నం తిన్న రోజుకీ 200 తిన్న రోజుకీ మాత్రం 41 పాయింట్ల తేడా వచ్చింది. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి వారానికి రెండుసార్లు చాలు. వచ్చిన అంకె పక్కన ఆ పూట ఏం తిన్నారో, ఎంత తిన్నారో రాసిపెట్టుకోండి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళండి.